పెన్ డ్రైవ్ ఎంత గట్టిది, ఎక్కడ పలుగుతది, ఎట్ల వాడుకోవాలె

"అన్నా, పెన్ డ్రైవ్ వస్తలేదే, పెళ్లి వీడియో మొత్తం అండ్లనే ఉన్నది" అనుకుంట మా స్టూడియోకు నెలకు ఇద్దరు ముగ్గురన్న వస్తరు, మాఘం ముహూర్తాలు అయిపోయినంక ఇంకా ఎక్కువ. మాది దేవరకొండ దిక్కు చిన్న ఫోటో స్టూడియో, పన్నెండేండ్ల సంది పెళ్లిళ్లు, పుట్టెంటుకలు, ఓణీల ఫంక్షన్లు తీస్తున్న, మొదట్ల డీవీడీల వేసి ఇచ్చేటోళ్లం ఇప్పుడు అందరికి పెన్ డ్రైవే. ఇన్నేండ్లల్ల నా చేతికి వచ్చిన ఖరాబు పెన్ డ్రైవ్‌లు చూస్తె నాకు సమజైంది ఏందంటె, కింద పడి చచ్చినయి చాన తక్కువ. మెడ కాడ, అంటె పోర్టుల పోయే లోహపు మూతి డబ్బాకు అతికే చోట, వంగి పలిగినయి, లైటు కొట్టుకుంటుంటె గుంజితె ఫైళ్లు పోయినయి, ఈ రెండే ఎక్కువ. రెండూ మన చేతులల్ల ఉన్నయే, అందుకే ఇంత పొడుగు రాస్తున్న, జర ఓపికతోని చదువుండ్రి.

ముందు అది ఎందుకు గట్టిదో చెప్త. ఒక పాతదాని ప్లాస్టిక్ డబ్బా గోటితోని ఇప్పి చూసిన, లోపట చిన్న బోర్డు, దాని మీద నల్ల చిప్పు ఒకటి పెద్దది, మన ఫైళ్లు ఉండేది అండ్లనే, ఇంకోటి దానికంటె చిన్నది, కంట్రోలర్ అంటరు, కంప్యూటర్ తోని మాట్లాడేది అది, పక్కపొంటి వెండి రంగుల బియ్యపు గింజ లెక్క ఒక క్రిస్టల్, కంట్రోలర్‌కు టైము ఇచ్చేది. గంతే. తిరిగేది ఏం లేదు. పాత హార్డ్ డిస్క్‌ల అయితె పళ్లెం నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంటది, దాని మీద వెంట్రుకంత సందు కూడ లేకుంట హెడ్డు పోతుంటది, నడుస్తున్నప్పుడు కింద పడ్డదంటె ఇగ దాని పని అయిపోయినట్టే. పెన్ డ్రైవ్‌కు ఆ బాధ లేదు, టేబుల్ మీదికెళ్లి బండల మీద పడ్డా నూటికి తొంబై సార్లు ఏం కాదు, మరీ ఎత్తుల నుంచి పడితె ఆ క్రిస్టలో అతుకో పలగొచ్చు, అది కూడ కీసల పెట్టుకొని తిరిగేటోళ్లకు అయ్యేది కాదు.

ఇంకోటి, సౌండ్ బాక్సుల పక్కన పెడితె పాటలు పోతయని మా దిక్కు డీజే పోరలు ఇప్పటికి అంటుంటరు. అది క్యాసెట్ల కాలం మాట. క్యాసెట్ టేపు మీద అయస్కాంతం తోనే రాస్తరు కాబట్టి అయస్కాంతం తాకితె చెరిగిపోయేది, పెన్ డ్రైవ్ చిప్పుల చార్జి బంధించి పెడ్తరు, స్పీకర్ అయస్కాంతానికి అది కదలదు. ఎయిర్‌పోర్టుల బ్యాగు స్కానింగ్ కు గూడ భయం లేదు.

ఇగ అసలు సంగతికి వస్త, మెడ.

మనం రోజు చూసే వెడల్పు మూతిని టైప్-ఏ అంటరు. దాన్ని కనీసం 1500 సార్లు పెట్టి తీసినా ఆగాలె అని యూఎస్‌బీ, అంటె ఈ పోర్టుల కోసం పెట్టుకున్న ప్రమాణం, దాని లెక్కల ఉన్నది, కొత్త ఫోన్లకు వస్తున్న టైప్-సీ కి అయితె 10,000 సార్లు. రోజుకు ఒక్కసారి పెట్టినా 1500 అంటె నాలుగేండ్లు వస్తది, మనోళ్లు చానమంది వారానికోసారి కూడ పెట్టరు, మరి ఎందుకు పోతున్నయి అంటె ఆ లెక్క సక్కగ పెట్టి సక్కగ తీస్తె వచ్చేది. మనం పక్కకు వంచుకుంట, ఊపుకుంట గుంజుతం. మూతి ఇనుపది గట్టిగనే ఉంటది, కాని అది బోర్డుకు చిన్న చిన్న సోల్డర్ చుక్కల తోనే అతికి ఉంటది, బయట పొడుచుకొని ఉన్న పొడుగు పెన్ డ్రైవ్‌కు కొసన వేలు తాకినా ఆ జోరంతా వచ్చి ఆ చుక్కల మీదనే పడ్తది. గడ్డపారతోని రాయి లేపినట్టే.

పోయినేడు ఒక పెద్దాయన మనుమరాలి ఓణీల ఫంక్షన్ పెన్ డ్రైవ్ తెచ్చిండు. గోడ టీవీకి పక్కన పెట్టి అందరు కూసొని చూస్తుంటె చిన్న మనుమడు స్టూలు ఎక్కి దాన్ని పట్టుకొని లేవబోయిండట. మూతి ఒక దిక్కు, డబ్బా ఒక దిక్కు, నడుమ సందుల బోర్డు కనవడుతున్నది. ఇగ ఇంట్లోళ్లు ఏం చేసిన్రంటె రబ్బరు బ్యాండు చుట్టి అటు ఇటు ఊపి ఊపి చూసిన్రు, ఒకసారి వచ్చిందట, మళ్ల పోయిందట. నేను అద్దం పెట్టి చూస్తె నాలుగు చుక్కలల్ల రెండు లేచిపోయినయి, ఒకదానికి కింది రాగి పొర గూడ ఊడి వచ్చింది. ఆ ఊపుడు తోనే అది ఊడింది. నల్లగొండల గడియారం సెంటర్ దిక్కు మొబైల్ రిపేరు చేసే తెలిసిన తమ్ముడు ఉన్నడు, ఆయన కాడికి తీసుకపోయిన, మైక్రోస్కోపు కింద పెట్టి పాత కేబుల్ కోసి నాలుగు తీగలు, ఎరుపు, తెలుపు, పచ్చ, నలుపు, ఒక్కొక్కటి వెంట్రుకంత సన్నటి రాగి తీగతోని అతికిచ్చిండు, గంట పట్టింది. లైటు వెలిగింది. వెలగంగనే మొత్తం కాపీ చేసుకొని కొత్తదాంట్ల వేసి ఇచ్చినం, ఆ పాతదాన్ని మళ్ల వాడొద్దని చెప్పినం.

కాబట్టి మెడ వంగినా, డబ్బా ఊడినా, ఊపి చూడుడు వద్దు. ఒక్కసారి గూడ పెట్టకుండ్రి. మూతి ఊడిన ముక్కతోని సహా చిన్న డబ్బల దూది పెట్టి సోల్డరింగ్ మంచిగ చేసేటోళ్ల కాడికి తీసుకపోండ్రి. "నాకు ఇది మళ్ల నడవద్దు, లోపలి ఫైళ్లు వస్తె చాలు" అని ముందే చెప్పుండ్రి, ఎందుకంటె ఆయన చేసే పని తీరు దాన్ని బట్టి మారుతది. గోరంత సైజుల వచ్చే చిన్న పెన్ డ్రైవ్‌లకు, అంటె లోపట బోర్డు లేకుంట మొత్తం ఒకటే నల్ల ముద్దగ పోసినయి, వాటికి మెడ పలగదు, నీళ్లకు గూడ గట్టివే, కాని ఖరాబైతె మన దిక్కు రిపేరు చాన కష్టం, హైదరాబాదుల డేటా రికవరీ చేసేటోళ్ల కాడికి పోవాలె, ఖర్చు గూడ బానే అయితది.

పెట్టుడు తీసుడు ఎట్ల అంటె, పెన్ డ్రైవ్ వెనక కొస కాకుంట మూతికి దగ్గర పట్టుకోవాలె, పోతలేదంటె తిప్పి పెట్టాలె తప్ప బలం చెయ్యొద్దు, తీసేటప్పుడు రెండు వేళ్లతోని రెండు పక్కల పట్టుకొని నిటారుగ గుంజాలె. డబ్బా నేల మీద పెట్టే కంప్యూటర్ అయితె ముందు పోర్టుల పెట్టకుండ్రి, మోకాలు తాకుతది, మా షాపుల రెండు అట్లనే పోయినయి. వందా నూటయాభైకి ఎక్స్‌టెన్షన్ కేబుల్ దొరుకుతది, ఒక మూరెడు, అది వెనక పోర్టుకు పెట్టి టేబుల్ మీదికి తెచ్చుకుంటె ఏం తాకినా కేబుల్ వంగుతది, పెన్ డ్రైవ్ వంగదు, పోర్టు గూడ అరగదు. గోడ టీవీకి గూడ ఇదే. టీవీ కొన్నప్పుడే ఒకటి కొని వెనకకు పెట్టి వదిలెయ్యుండ్రి, పిల్లలున్న ఇంట్ల అయితె తప్పకుంట.

అసెంబుల్ చేయించుకున్న కంప్యూటర్లు వాడేటోళ్లకు ఒక ముచ్చట. లోపట ముందు పోర్టు తీగలు ఉల్టా పెట్టిన కేసులు ఉంటయి, అట్లాంటి దాంట్ల పెట్టంగనే పెన్ డ్రైవ్ కాలుతది, ముట్టుకుంటె సుర్రుమంటది. ఒకటి అట్ల పోయినంక "ఇంకోటి పెట్టి చూద్దాం" అని అదే పోర్టుల పెడ్తె రెండోది గూడ పోతది. ఇంకోటి, కంప్యూటర్ డబ్బా ముట్టుకుంటె జివ్వుమంటున్నదా, ఎర్తింగ్ సరిగ లేదన్నట్టు. బొగ్గు, ఉప్పు పోసి గుంత మంచిగ చేయించుకోండ్రి, పెన్ డ్రైవ్‌ల కంటె ముందు మీ పానానికి మంచిది.

ఇప్పుడు రెండోది, లైటు కొట్టుకుంటుంటె గుంజుడు. ఇది నా చేతి మీదుగనే అయ్యింది. నాంపల్లి మండలం కెళ్లి ఒకాయన పుట్టెంటుకల వీడియో కోసం వచ్చిండు, సాయంత్రం ఆఖరు బస్సు ఉన్నది ఆయనకు, "తమ్మీ జల్ది, తమ్మీ జల్ది" అంటున్నడు. స్క్రీన్ మీద కాపీ అయిపోయింది, కాపీ ఎంతైందో చూపించే డబ్బా మూసుకున్నది, పెన్ డ్రైవ్ లైటు ఇంకా టకటక కొడ్తున్నది. నేను గుంజి చేతుల పెట్టిన. ఇంటికి పోయి టీవీల పెట్టుకుంటె పేర్లు కనవడుతున్నయట, ఒక్కటి గూడ ఓపెన్ కాలేదట, తెల్లారి పనులు వదిలిపెట్టుకొని మళ్ల వచ్చిండు పాపం. నా హార్డ్ డిస్క్‌ల ఒరిజినల్ ఉన్నది కాబట్టి మళ్ల వేసి ఇచ్చిన, ఆయన బస్సు పైసలు నేనే ఇచ్చిన, కాని ఒరిజినల్ లేకుంటె ఆ పిలగాని పుట్టెంటుకలు నేను ఎక్కడికెళ్లి తెచ్చియ్యాలె.

అట్ల ఎందుకు అయితదంటె, కంప్యూటర్ ఫైలును ముందు తన మెమరీల పెట్టుకొని మెల్లగ పెన్ డ్రైవ్‌కు పంపుతుంటది, ఏ ఫైలు ఎక్కడ ఉన్నదో చెప్పే పట్టిక గూడ రాయాలె, అది సగంల ఉండంగ గుంజితె ఫైలు ఉన్నా దారి ఉండదు. లోపట కంట్రోలర్ గూడ తన లెక్కలు తను రాసుకుంటుంటది, దానికి సరిగ అప్పుడే కరెంటు పోయిందంటె ఒక్క ఫైలు కాదు, పెన్ డ్రైవ్ మొత్తమే పోవచ్చు. విండోస్ 10 ల 2018 ఆఖరుల వచ్చిన 1809 అప్డేట్ సంది ఎజెక్ట్, అంటె తీస్తున్నమని కంప్యూటర్‌కు ముందు చెప్పే బటన్, కొట్టకుంట తీసినా నడిచేటట్టు సెట్టింగ్ మార్చిన్రు, నిజమే, కాని అది కాపీ మొత్తం అయిపోయినంక తీసేటోళ్లకు, నడుమల గుంజేటోళ్లకు కాదు. విండోస్ కాకుంట ఉబుంటు లాంటివి వాడితె ఎజెక్ట్ కొట్టాల్సిందే. నేను ఇప్పుడు చేసేది ఇది: కాపీ అయినంక ఎజెక్ట్ కొడ్త, లైటు ఆగేదాంక చూస్త, తీసి మళ్ల పెట్టి పెద్ద ఫైలు ఒకటి మొదలు, నడుమ, ఆఖరు మూడు చోట్ల ఆడిచ్చి చూస్త, అప్పుడు ఇస్త. రెండు నిమిషాల పని. టీవీల చూసేటోళ్లు వీడియో ఆపి, టీవీ బంద్ చేసి తీస్తె చాలు.

ఒకటి గమనించుండ్రి, మీ పెన్ డ్రైవ్ మూతిల బంగారు రంగు గీతలు నాలుగు ఉంటయి కద, చివర రెండు పొడుగుంటయి, నడుమ రెండు పొట్టిగ. పొడుగుయి కరెంటుకు, పొట్టియి డేటాకు. పెట్టేటప్పుడు ముందు కరెంటు అందుతది, తీసేటప్పుడు ముందు డేటా తెగి ఆఖరుకు కరెంటు తెగుతది. తయారు చేసినోళ్లు అంత పైలంగ ఆలోచించిన్రు, అందుకే సగం పెట్టి, వంకర పెట్టి ఆడిచ్చుడు మంచిది కాదు. ఆ గీతల మీద నలుపు పట్టి రాకపోతె పిల్లల పెన్సిల్ రబ్బరుతోని మెల్లగ రుద్ది పొడి ఊదేస్తె చానసార్లు మళ్ల వస్తది.

నీళ్ల సంగతి. ప్యాంటు కీసల మర్చిపోయి వాషింగ్ మిషన్ల పడుడు అందరిండ్లల్ల అయ్యేదే. భయపడకుండ్రి, నీళ్లు చిప్పును చంపయి, తడి మీద కరెంటు పెట్టుడే చంపుతది. యూఎస్‌బీల 5 వోల్టులు వస్తయి, తడి ఉన్నప్పుడు పెడితె అక్కడ షార్ట్ అయితది, తుప్పు పడ్తది. కాబట్టి "వస్తదా రాదా" అని ఆత్రంగ పెట్టి చూసుడే పెద్ద తప్పు. మూత ఉంటె తియ్యుండ్రి, గట్టిగ విదిలిచ్చి నీళ్లు కారగొట్టుండ్రి. మన నల్లగొండ బోరు నీళ్ల సంగతి తెలిసిందే కద, బకెట్ అంచుకే తెల్లగ గార కడ్తది, ఆ ఉప్పు, సర్ఫు రెండూ ఎండినంక లోపట సందులల్ల మిగిలిపోతయి. అందుకే నేను అయితె బ్యాటరీల పోసే డిస్టిల్డ్ వాటర్ తీసుకొని ఒకసారి ముంచి కడుగుత, నమ్మకపోతరు గని మంచి పని అది, లేకుంటె మొబైల్ రిపేరు షాపులల్ల ఐపీఏ అని స్పిరిట్ ఉంటది, దాంతోని తుడిస్తె ఇంకా మంచిది, జల్ది ఆరుతది. ఇగ నీడకు ఫ్యాను కింద రెండు మూడు రోజులు పెట్టాలె. బియ్యంల పెట్టుడు వద్దు, తౌడు పోయి మూతిల చేరుతది. హెయిర్ డ్రయర్ వేడిగాలి, పొయ్యి గడ్డ, ఎర్రటి ఎండ, ఇవి గూడ వద్దు. మా ఆటో నడిపే దోస్తుది ఒకటి ఇట్లనే మూడు రోజులు ఆరబెట్టి పెడ్తె పాటలన్నీ ఉన్నయి, ఇప్పటికి ఆటోల మోగుతున్నది.

వేడి. చాన పెన్ డ్రైవ్‌లకు కంపెనీలు పనిచేసే వేడి 60 డిగ్రీల లోపల అని రాస్తయి, కొన్నిటికి 45 ఏ. మన దిక్కు మే నెలల బయటనే 44, 45 అయితది, అద్దాలు మూసి ఎండల పెట్టిన కారుల డ్యాష్‌బోర్డు మీద అంతకంటె చాన ఎక్కువ. కారు దిగేటప్పుడు తీసి కీసల వేసుకోండ్రి, మర్చిపోతె కారు నడిచి ఏసీ వేసి జర చల్లబడ్డంకనే పాటలు పెట్టుండ్రి. గోరంత చిన్నయి పెద్ద ఫైళ్లు కాపీ చేస్తుంటె వాటంతల అవే చురచుర కాలుతయి, స్పీడు పడిపోతది, 40 జీబీ వెయ్యాలంటె పది పది జీబీలు వేసి నడుమల ఆపుతె మంచిది.

ట్రాక్టర్ల పాటలు పెట్టుకునేటోళ్లకు, వరికోతలప్పుడు ఆ సన్నటి దుమ్ము ప్లేయర్ పోర్టుల ఇరుకుతది, పైకెళ్లి కుదుపు, పొడుగు పెన్ డ్రైవ్ అయితె ఊగి ఊగి నెలల్లనే లూజు అయితది. అక్కడ గోరంత చిన్నదే పెట్టుండ్రి, పాటలు పోయినా బాధ లేదు. పాటలకు ఒకటి, ఇంటి వీడియోలకు ఒకటి వేరువేరు ఉండాలె, ఒక్కదాంట్లనే పెళ్లి వీడియో పెట్టి దాన్నే ట్రాక్టర్ కు పెట్టకుండ్రి, పెట్టినోళ్లను చూసిన.

కొనేటప్పుడు నేను చూసేది: లోహపు డబ్బా, పొట్టిది, మూత ఊడిపోయే రకం కాకుంట తిరిగే రకం. బటన్ నూకితె మూతి బయటికి వచ్చే ప్లాస్టిక్‌వి నాకు పడయి, ఆ లాకు అరిగి పోర్టుల పెడుతుంటె లోపలికే పోతది. తాళం చెవులకు కట్టేటోళ్లు ఉంగరం తగిలిచ్చే కొన ప్లాస్టిక్‌ది అయితె వద్దు, అది పలిగి పెన్ డ్రైవ్ ఎక్కడనో పడిపోతది, పోయినదానికి రికవరీ లేదు. 200 రూపాయలకు 512 జీబీ అంటె కొనకుండ్రి. అది ఉన్నది 8 జీబీయో 16 జీబీయో ఉంటది, కంప్యూటర్ కు మాత్రం 512 అని చూపిస్తది, నిండినంక పాత ఫైళ్ల మీదనే రాస్తది. కొత్తది ఏది కొన్నా హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అని ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నది, అది మొత్తం నింపి తిరిగి చదివి చూస్తది, రాత్రి పెట్టి పండుకుంటె తెల్లారెవరకు తెలుస్తది. పెన్ డ్రైవ్ ఖాళీగ ఉన్నప్పుడే చెయ్యాలె ఇది.

ఫార్మాట్, అంటె పెన్ డ్రైవ్ల ఫైళ్లు పేర్చే పద్ధతి, దాని ముచ్చట చిన్నగ చెప్త. ఫ్యాట్32 అయితె పాత టీవీ, కారు ప్లేయరు అన్నిట్ల నడుస్తది, కాని ఒక్కొక్క ఫైలు 4 జీబీ దాటొద్దు. పెద్ద పెళ్లి వీడియోకు ఎక్స్‌ఫ్యాట్ కావాలె, పాత టీవీలు దాన్ని చదవయి. "ఖరాబైంది" అని వచ్చినయల్ల కొన్ని అసలు ఖరాబే కావు, టీవీ చదవలేకపోతున్నది అంతే, ముందు కంప్యూటర్ల పెట్టి చూడుండ్రి.

కంప్యూటర్ల "ఫార్మాట్ చెయ్యాలె" అని అడిగితె మాత్రం సరే కొట్టకుండ్రి. బంద్ చేసి తియ్యుండ్రి, అండ్ల ఇంకేం వెయ్యకుండ్రి. ఫోటోరెక్ అని ఉచితంగ దొరుకుతది, దాంతోని చానవరకు ఫోటోలు, వీడియోలు గుంజొచ్చు, పేర్లు పోతయి కాని బొమ్మలు వస్తయి, వచ్చినయి అదే పెన్ డ్రైవ్ల కాకుంట హార్డ్ డిస్క్‌ల దాచుకోవాలె. రాయనిస్తలేదు, చెరుపనిస్తలేదు, చదవనిస్తున్నది అంటె దాని ఆఖరు రోజులన్నట్టు, చానసార్లు కంట్రోలరే ఇగ రాయొద్దని తాళం వేసుకుంటది, అప్పుడే మొత్తం కాపీ చేసుకోండ్రి.

ఇగ బీరువల పెట్టి మర్చిపోయే పెన్ డ్రైవ్‌లు. చీరల నడుమ భద్రంగ ఉన్నదనుకుంటరు. చిప్పుల బంధించిన చార్జి ఏండ్లు గడిచినకొద్ది మెల్లమెల్లగ కారుతుంటది, వేడి ఉంటె ఇంకా జల్ది, బాగ వాడి అరిగినదాంట్ల ఇంకా జల్ది. ఉత్తగ పెట్టి చూసి తీస్తె అది నిండదు. రెండేండ్లకోసారి మొత్తం కంప్యూటర్లకు కాపీ చేసి, అన్నీ తెరుచుకుంటున్నయో లేదో చూసి, పెన్ డ్రైవ్ ఫార్మాట్ కొట్టి మళ్ల వేసుకోండ్రి, అప్పుడు చార్జి కొత్తగ పడ్తది. పెళ్లి వీడియో మాత్రం ఒక్క పెన్ డ్రైవ్ మీద వదిలిపెట్టకుండ్రి, ఇంకోదాంట్ల ఒకటి, హార్డ్ డిస్క్‌లనో ఆన్‌లైన్లనో ఒకటి, అవి గూడ వేరువేరు ఇండ్లల్ల. చండూరు దిక్కు ఒక అమ్మ కొడుకు పెండ్లి పెన్ డ్రైవ్ ఒక్కటే ఉంటె దాన్ని సూరత్ల మగ్గాల కాడ ఉండే కొడుక్కు పంపుతా అన్నది, ఉత్త కవర్ల పెట్టి కొరియర్ చేస్తా అంటె నేనే ఆపిన, కవర్ మీద ముద్ర గుద్దినా, మూటలల్ల నలిగినా మెడనే వంగుతది. ఇంకోదాంట్ల కాపీ తీసి ఆమె చేతుల పెట్టి, పంపేదాన్ని కళ్లద్దాల గట్టి డబ్బల దూది కూరి, చుట్టు టేపు వేసి ఇచ్చిన. మీరు ఫంక్షన్ చేసుకున్న స్టూడియో ఆయనను గూడ ఒక్క మాట అడుగుండ్రి, ఒరిజినల్ ఎన్ని రోజులు దాస్తడో. నేను ఏడాది దాస్త, తర్వాత జాగ లేక తీసేస్త, తీసే ముందు ఫోన్ చేస్త.